ఇంక్రిమెంటుకి మార్కులు వేసేది ఎవరు?

మొన్న సంక్రాంతికి అక్కావాళ్లు హైదరాబాదు నుంచి వచ్చారు. భోగి రోజు రాత్రి అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే జీతాల సంగతి వచ్చింది. బావ పద్దెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. "మాకు ఏటా రేటింగు ఇస్తారు. అది బాగుంటేనే హైక్. రెండేళ్లు వరసగా తక్కువొస్తే హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి కాగితం చేతిలో పెడతారు. మీకేమో పనిచేసినా చేయకపోయినా ఏడాది తిరిగేసరికి ఇంక్రిమెంటు పడిపోతుంది. ఇదెక్కడి న్యాయంరా?" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

నేను కోనసీమలో ఒక తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఆ రాత్రి బావకి సరైన జవాబు చెప్పలేకపోయాను. "ప్రభుత్వం కంపెనీ కాదు బావా" అని ఊరుకున్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. అప్పటినుంచీ ఆ ప్రశ్న వదల్లేదు.

వదలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎనిమిదో వేతన సంఘానికి కేంద్రం 2025 అక్టోబరు చివర్లో ఆమోదించిన విధివిధానాలు చదివాను. ఇప్పుడున్న బోనస్ పథకాలను పరిశీలించి, ఉత్పాదకతకీ పనితీరుకీ ముడిపెట్టిన ప్రోత్సాహక పథకం ఎలా ఉండాలో సూచించమని అందులో ఉంది. ఇది కొత్త మాటేమీ కాదు. ఆరో వేతన సంఘం 2008లో అంది. ఏడో సంఘం 2015లో ఇంకో అడుగు ముందుకేసి, సర్వీసులో మొదటి ఇరవై ఏళ్లలో నిర్ణీత స్థాయి అందుకోలేనివాళ్లకి వార్షిక ఇంక్రిమెంటు ఆపాలని సిఫారసు చేసింది. అవన్నీ కేంద్ర ఉద్యోగులకే కదా అనుకోవచ్చు. కానీ ఢిల్లీలో మొదలైన పద్ధతి మన పీఆర్సీల్లోకి (రాష్ట్ర వేతన సవరణ సంఘాల్లోకి) రావడానికి ఎంతో కాలం పట్టదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బాగా పనిచేసినవాళ్లకి అదనంగా ఇవ్వడం నాకు సమ్మతమే. మార్కులు వేసినవాళ్లని ప్రశ్నించే హక్కు లేకుండా ఆ మార్కులకి జీతం ముడిపెట్టడం మాత్రం సమ్మతం కాదు. అలా చేస్తే నష్టపోయేది ఉద్యోగి ఒక్కడే కాదు, కౌంటరు అవతల నిలబడ్డ మనిషి కూడా.

బావ మాటలో నిజం

ముందు బావ వైపు నుంచే ఆలోచిస్తాను. మా సెక్షన్లో ఒకాయన ఉండేవారు. పదకొండున్నరకి రావడం, సంతకం పెట్టడం, టీ తాగడం, మూడింటికి వెళ్లిపోవడం. ఆయన ఫైళ్లన్నీ పక్క సీటు ఆవిడ చూసేది. ఆవిడకి ఇద్దరు చిన్నపిల్లలు, అయినా రాత్రి ఏడు దాటాకే ఇంటికి వెళ్లేది. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ఇంక్రిమెంటు ఒకే నెలలో, ఒకే మొత్తం. ఆవిడ ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు కానీ, నాలుగేళ్లు గడిచేసరికి ఆమె కూడా అయిదింటికే లేవడం మొదలుపెట్టింది. అది నా కళ్లముందు జరిగింది. కష్టపడేవాళ్లకి గుర్తింపు లేకపోతే ఆఫీసు ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అంతకన్నా బలమైన సాక్ష్యం మన నేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కొన్నేళ్లపాటు పల్లెటూళ్ల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పెద్ద ప్రయోగం చేశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం అది. వంద బడుల్లో టీచర్లకి విడివిడిగా, ఇంకో వంద బడుల్లో బడి మొత్తానికి కలిపి, పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి బోనస్ ఇచ్చారు. సగటు మార్కు 5 శాతానికి పైన పెరిగితే, ఆ పైన ప్రతి శాతానికీ 500 రూపాయలు. రెండేళ్లయ్యేసరికి బోనస్ లేని బడుల పిల్లలకంటే ఈ పిల్లలు లెక్కల్లోనూ, భాషలోనూ స్పష్టంగా ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు.

ఈ ఫలితాన్ని మా ఉద్యోగ సంఘం నాయకులు ఎవరూ మీటింగుల్లో ఎత్తరు. నేను ఎత్తుతాను, ఎందుకంటే ఇది నిజం. నాకు ఇబ్బంది కలిగించే నిజం కూడా. జట్టు మొత్తానికి ఇచ్చే బోనస్ మంచిదని నేను నమ్మేవాణ్ణి. అయిదేళ్లపాటు చూస్తే, విడివిడిగా ఇచ్చిన బడుల్లో ఫలితం నిలబడింది, కలిపి ఇచ్చిన బడుల్లో అంతగా నిలబడలేదు.

అయితే ఆ ప్రయోగం ఎలా నడిచిందో కూడా చూడాలి. బోనస్ జీతానికి పైన అదనంగా వచ్చింది. మార్కులు పెరగకపోయినా ఏ టీచరు జీతంలోంచీ రూపాయి పోలేదు. పరీక్షలు పెట్టినవాళ్లు, దిద్దినవాళ్లు బయటివాళ్లు. ఎంఈవోకి (మండల విద్యాధికారికి) నచ్చిన టీచరుకి ఎక్కువ, నచ్చనివాళ్లకి తక్కువ వేసే వీలు లేదు. లెక్క ఏమిటో టీచర్లకి ముందే తెలుసు. పైగా టీచర్లు బడికి రాకపోవడం ఈ బోనస్ వల్ల తగ్గలేదట. వచ్చిన రోజున ఎక్కువ చెప్పారు, అదనంగా క్లాసులు పెట్టారు, హోంవర్కు ఇచ్చారు, అంతే. బడికి రానివాణ్ణి రప్పించడానికి బోనస్ సరిపోలేదన్నమాట.

పిల్లవాడికి కూడిక వచ్చిందో లేదో ఒక పరీక్షతో తెలుసుకోవచ్చు. మా ఆఫీసులో జరిగే పనిని దేనితో కొలుస్తారు?

ఆకుపచ్చ రంగు

మాకు అర్జీల పోర్టల్ ఉంది. ప్రతి అర్జీకి గడువు ఉంటుంది. గడువు దాటితే తెర మీద ఎర్రగా కనపడుతుంది. పొద్దున్నే జరిగే టెలికాన్ఫరెన్సులో ఎర్రవి ఎన్ని ఉన్నాయో మండలాల వారీగా చదువుతారు. మన మండలం పేరు ముందు వచ్చిందంటే ఆ రోజంతా టెన్షనే.

రెండేళ్ల కిందట ఒక మామ్మగారు అర్జీ పెట్టుకున్నారు. భర్త పోయాక నలభై సెంట్ల భూమి ఆమె పేరు మీదకి మారాలి. ఆ సర్వే నంబరు సబ్‌డివిజన్ కాలేదు, అంటే భాగాలుగా విడగొట్టలేదు, పొలం కొలవాలి. మాకున్న సర్వేయరు రెండు మండలాలకి ఇన్‌ఛార్జి. గడువు రేపటితో అయిపోతుందనగా పై నుంచి ఫోన్ వచ్చింది, ఎలాగైనా క్లోజ్ చెయ్యమని. "సర్వే నిమిత్తం విడిగా దరఖాస్తు చేసుకోవలసిందిగా అర్జీదారునికి తెలియజేయడమైనది" అని ఎండార్స్‌మెంటు పెట్టి క్లోజ్ చేశాం. తెర మీద ఆకుపచ్చ వచ్చింది. ఆ నెల మా మండలానికి మంచి పేరు కూడా వచ్చింది.

ఆ ఎండార్స్‌మెంటు టైపు చేసింది నేనే. మూడు వారాల తర్వాత మామ్మగారు ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టుకుని వచ్చి, "పని అయిపోయిందని ఫోనుకి మెసేజీ వచ్చింది బాబూ, పాస్‌పుస్తకం ఎప్పుడిస్తారు?" అని అడిగారు. నేను తలెత్తి ఆమెని చూడలేకపోయాను.

ఆ రోజున మా జీతాలకి ఆ రంగుతో సంబంధం లేదు. తిట్లు తప్పించుకోవడానికే అంత పని చేశాం. రేపు ఆ రంగుకి ఇంక్రిమెంటు కట్టి పెడితే ఎన్ని అర్జీలు ఇలా మూసుకుపోతాయో ఆలోచించండి. పైగా ఆ అర్జీ ఆగిపోయింది ఎవరి బద్ధకం వల్లా కాదు, సర్వేయరు లేక. ఖాళీ భర్తీ చేయని ప్రభుత్వానికి రేటింగు ఎవరూ ఇవ్వరు, రెండు మండలాలు మోస్తున్న మనిషికి మాత్రం ఇస్తారు.

ఇది ఇప్పటి కంప్యూటర్లు తెచ్చిన జబ్బని కొందరంటారు. ఇంగ్లండులో 1862లోనే బడులకిచ్చే డబ్బుని పిల్లల పరీక్షా ఫలితాలకి ముడిపెట్టారు. పంతుళ్లు ఇన్‌స్పెక్టరు అడగబోయే ముక్కలే బట్టీ వేయించడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు చూసి 1890లలో దాన్ని వదిలేశారు. అదే పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మన కోస్తా జిల్లాల్లో వీధి బడులు నడుపుకునే పంతుళ్లు కూడా ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు కోసం ఎదురుచూసినవాళ్లే.

ఆశా వదిన లెక్క

పనికి తగ్గ జీతం ఎలా ఉంటుందో చూడాలంటే పెద్ద పెద్ద నివేదికలు అక్కర్లేదు, ఆశా కార్యకర్తని అడిగితే చాలు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఈ వ్యవస్థ వచ్చినప్పటినుంచీ వాళ్లని ఉద్యోగులు అనలేదు, వాలంటీర్లు అన్నారు. జీతం అనలేదు, పారితోషికం అన్నారు. ఇన్ని కేసులకి ఇంత.

మా పెదనాన్నగారి కోడలు ఖమ్మం జిల్లాలో ఆశాగా చేస్తోంది. వదిన చెప్పిన సంగతి ఒకటి మరిచిపోలేను. ఒక అమ్మాయికి మూడో నెల నుంచి తనే చెకప్‌లకి తీసుకెళ్లింది, రక్తం తక్కువుందని మాత్రలు మింగేదాకా ఎదురుగా కూర్చుంది. ఎనిమిదో నెలలో ఆ అమ్మాయి కాన్పుకి పుట్టింటికి వెళ్లింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఇళ్లలో ఆనవాయితీ కదా. కాన్పుకి ఆసుపత్రికి తీసుకెళ్లినందుకు వచ్చే డబ్బు వదినకి రాలేదు. "డబ్బు పోతే పోయింది కానీ, నా రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉందని మీటింగులో నిలబెట్టి అడిగారు మరిదీ" అంది. పుట్టింటికి వెళ్లే ఆచారానికి రిజిస్టరులో కాలమ్ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆశాల గౌరవ వేతనాన్ని 10,000 రూపాయలకి పెంచారు. తెలంగాణలో పనిని బట్టి లెక్కగట్టే పద్ధతే కొనసాగింది. 2023లో అక్కడి ఆశాలు వారాల తరబడి సమ్మె చేసి అడిగింది ఏమిటంటే, నెలకి 18,000 ఫిక్స్‌డ్ జీతం. పనితీరు లెక్కలో పద్దెనిమిదేళ్లు బతికినవాళ్లు ఆ లెక్క మాకొద్దని రోడ్డెక్కారు. పథకాలు రాసేవాళ్లు ఆ సమ్మె డిమాండ్ల కాగితం ఒక్కసారైనా ముందు పెట్టుకుని చదవాలని నా కోరిక.

శిక్షకి పేరు మార్చితే

ఇప్పుడు ఉద్యోగుల హక్కుల సంగతికి వస్తాను. ఈ భాగం గురించే నాకు ఎక్కువ భయం.

ఈ రోజున నా ఇంక్రిమెంటు ఆపాలంటే అది శిక్ష. మన రాష్ట్రంలో 1991 నాటి సీసీఏ (ఉద్యోగుల క్రమశిక్షణ) రూల్స్‌లో శిక్షల జాబితాలో అది స్పష్టంగా ఉంది. ముందు మెమో ఇవ్వాలి, నేను చేసిన తప్పేమిటో రాయాలి, నా వివరణ తీసుకోవాలి. క్యుములేటివ్ ఎఫెక్టుతో, అంటే ఆ నష్టం తర్వాతి ఏళ్ల జీతంలోనూ కొనసాగేలా, ఆపాలంటే విచారణ జరపాలి. ఆర్డరు వచ్చాక అప్పీలుకి వెళ్లొచ్చు. ఇదంతా చాలా నెమ్మదిగా నడుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు కాగితం మీద కారణం రాయాలి.

అదే ఇంక్రిమెంటుని "మీ రేటింగు స్థాయికి చేరలేదు" అని ఆపితే? మెమో లేదు, విచారణ లేదు, తప్పు అనే మాటే లేదు. జేబులోంచి పోయే డబ్బు మాత్రం అంతే. శిక్ష పేరు మారింది, రక్షణలన్నీ జారిపోయాయి.

మార్కులు చాటుగా వేస్తే ఏం జరుగుతుందో సుప్రీంకోర్టు 2008లో దేవ్‌దత్ కేసులో చూసింది. బోర్డర్ రోడ్స్‌లో పనిచేసిన ఇంజనీరు ఆయన. ప్రమోషన్‌కి వార్షిక రిపోర్టుల్లో అయిదేళ్లూ 'వెరీ గుడ్' ఉండాలి. ఆయనకి ఒక్క ఏడాది 'గుడ్' పడింది. 'గుడ్' అంటే మంచిదే కదా, చెప్పేదేముంది అనుకుని ఆయనకి తెలియజేయలేదు. ఆ ఒక్క మాటతో ప్రమోషన్ పోయింది. మంచి మాటైనా చెడ్డ మాటైనా, రిపోర్టులో రాసిన ప్రతిదీ ఉద్యోగికి చెప్పి తీరాలని కోర్టు తీర్పిచ్చింది. అప్పటికే ఆయన రిటైరైపోయారు.

ఒక మనిషి తన గురించి ఏం రాశారో తెలుసుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిన దేశం మనది. ఇక్కడ రేటింగుకి జీతం ముడిపెట్టాలంటే ముందు ఎన్ని సరిచేసుకోవాలి? మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ కూడా లేదు. ఇంక్రిమెంటు కోసం అటెండరైనా సరే హైకోర్టు మెట్లెక్కాలి, వకీలు ఫీజు ఇంక్రిమెంటు కంటే ఎక్కువవుతుంది. సమ్మె చేద్దామంటే, తమిళనాడులో 2003లో లక్షమందికి పైగా ఉద్యోగుల్ని తీసేసినప్పుడు, ప్రభుత్వోద్యోగికి సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టే అంది. ఇన్ని తలుపులు మూసుకున్నాక ఆ మెమో, ఆ విచారణ, ఆ అప్పీలే మిగిలాయి.

వద్దు అనగలిగేవాళ్లు

మా ఆఫీసులో ఒక అవుట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ అమ్మాయి ఉంది. ఏడేళ్లుగా చేస్తోంది, మా అందరికంటే వేగంగా పనిచేస్తుంది. ఏటా మార్చిలో ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది, బాగా చేసిందని మేము రాస్తేనే రెన్యువల్. బావ చెప్పే పద్ధతి ఆమెకి ఇప్పటికే పూర్తిగా అమల్లో ఉంది.

ఒకరోజు సాయంత్రం ఒక అధికారి తన డిజిటల్ సంతకం కీ ఆమె చేతికిచ్చి, పొద్దున్నకల్లా ఒక గ్రామం తాలూకు పెండింగ్ మ్యుటేషన్లు (భూమి రికార్డుల్లో పేరు మార్పులు) అన్నీ అప్రూవ్ చేసెయ్యమన్నారు. ఫైళ్లు ఎవరూ చూడలేదు. ఆమె భయపడుతూ నా దగ్గరకి వచ్చింది. "కాదంటే మార్చిలో నా సంగతేంటి సార్?" అంది. నేను వెళ్లి, ఫైళ్లు చూడకుండా చేయడం కుదరదు, కావాలంటే రాతపూర్వకంగా ఆర్డరివ్వండి అన్నాను. రాతపూర్వకంగా రాలేదు. ఆ మ్యుటేషన్లూ ఆ రాత్రి జరగలేదు. తర్వాత పరిశీలిస్తే అందులో రెండిటికి అన్నదమ్ముల అభ్యంతరాలు ఉన్నాయి.

నాకు ఆమె కంటే ధైర్యం ఎక్కువని చెప్పడం లేదు. నాకు పర్మినెంటు ఉద్యోగం ఉంది, ఆమెకి లేదు, తేడా అంతే. నా ఇంక్రిమెంటు ఆ అధికారి వేసే మార్కు మీద ఆధారపడి ఉంటే, ఆ సాయంత్రం నేను ఆ గదిలోకి వెళ్లి ఉండేవాణ్ణా? ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి లోను ఉన్నవాణ్ణి. వెళ్లి ఉండేవాణ్ణని గట్టిగా చెప్పలేను. ఆ అన్నదమ్ముల భూమికి ఆ రాత్రి కాపలా కాసింది నా ఉద్యోగ భద్రతే.

"సరే, మరి పనిచేయనివాణ్ణి ఏం చేయమంటావు?" అని బావ అడుగుతాడు. నాకు తెలిసినంతలో, చేయడానికి కావలసినవన్నీ ఉన్నాయి. నిబంధనల్లో శిక్షలున్నాయి. కేంద్ర ఉద్యోగుల్లో యాభై, యాభై అయిదేళ్లు దాటినవాళ్లని సమీక్షించి ముందే ఇంటికి పంపే నిబంధన ఎప్పటినుంచో ఉంది. మూడింటికి వెళ్లిపోయే ఆ పెద్దమనిషికి మాలో ఎవరూ ఒక్క మెమో ఇవ్వలేదు. ఇస్తే ఫోన్లు వస్తాయని అందరికీ తెలుసు. మెమో ఇవ్వడానికి జంకిన అధికారి, రేపు రేటింగు వేసేటప్పుడు మాత్రం ఆయనకి తక్కువ వేస్తాడని ఎలా నమ్మను? తక్కువ మార్కు ఫోన్ చేయించలేనివాళ్లకే పడుతుంది.

ఇలా అంటే ఏ మార్పూ వద్దంటున్నానని అనుకోవచ్చు. అది కాదు. పల్లెబడుల్లో చేసినట్టు జీతానికి పైన అదనంగా ఇవ్వండి, బేసిక్ జోలికి రాకండి. మా పని బాగుందో లేదో మామ్మగారిలాంటివాళ్లని ఫోన్ చేసి అడగండి, తెర మీద రంగు చూసి కాదు. రాసిన మార్కు చూపించండి, తప్పైతే చెప్పుకోవడానికి జిల్లా స్థాయిలోనే ఒక చోటు పెట్టండి. ఖాళీలు నింపండి. ఏళ్ల తరబడి పెండింగులో ఉన్న డీఏ (కరువు భత్యం) బకాయిలు, వాడుకోని సెలవులకిచ్చే సరెండర్ లీవు డబ్బులు కూడా ఇవ్వండి. మేము ఇప్పటికే చేసిన పనికి రావలసిన డబ్బు ఇవ్వకుండా, చేయబోయే పనికి ప్రోత్సాహకం ఇస్తామంటే మాలో ఎవరికీ నమ్మకం కుదరదు.

ఇది రాస్తుండగానే ఆ డేటా ఎంట్రీ అమ్మాయి రెన్యువల్ ఫైలు నా టేబుల్ మీదకి వచ్చింది. అందులో పనితీరు అని ఒక గడి ఉంది, సెక్షన్ నుంచి నింపి పంపాలి. ఇన్నేళ్లూ మేము నింపి నేరుగా పైకి పంపేవాళ్లం. ఈసారి పంపేముందు కాగితం ఆమె చేతికిచ్చి చదవమన్నాను. మొదట తటపటాయించింది. తర్వాత రెండుసార్లు చదివి, వేలితో ఒక చోట చూపించింది.

"సార్, సెలవులు పదకొండని వేశారు. నేను పెట్టింది నాలుగే. మిగతా ఏడు రోజులూ ఎలక్షన్ డ్యూటీలో ఉన్నాను."

హాజరు పట్టీ తెచ్చి చూశాను. ఆమె చెప్పిందే నిజం.